ముందు వైరు చూడండి, తర్వాత పాట వినండి

ఇయర్‌ఫోన్స్ కొనడానికి వెళ్లినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘సౌండ్ బాగుంటుందా?’ అని. అమ్మేవాడు ‘సూపర్ బేస్ సార్’ అంటాడు. బేరం అక్కడికే సగం తెగిపోతుంది. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లినా, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో వెతికినా ఈ తంతు ఒక్కటే. మీ సొరుగులో మూలన పడి ఉన్న పాత ఇయర్‌ఫోన్స్ చుట్టను ఒకసారి బయటికి తీసి చూడండి. వాటిలో సౌండ్ నచ్చక పక్కన పెట్టినవి ఎన్ని? ఒకదానికి ఎడమ చెవి మూగబోయి ఉంటుంది. ఒకదానికి పిన్ను దగ్గర వైరు తెగి ఉంటుంది. ఇంకోదాని రబ్బరు బుడిపె ఊడి ఎక్కడో పడిపోయి ఉంటుంది. మరొకటి చెవిలో నిలవక పదే పదే జారి విసిగించి ఉంటుంది. మనం కొనేటప్పుడు అడిగేది ఒకటి, వస్తువు మనల్ని ముంచేది ఇంకోచోట. ఐదు వందల నుంచి రెండు వేల రూపాయల లోపు దొరికే, చెవిలోకి దూర్చుకునే రకం ఇయర్‌ఫోన్స్‌లో మంచి ధ్వని ఇప్పుడు అరుదైన సరుకు కాదు. మీ చెవికి సరిగ్గా అతికే బిగింపు అరుదు, రోజువారీ లాగుళ్లకు ఓర్చుకునే అతుకు అరుదు. కాబట్టి కొనేటప్పుడు మన అనుమానమంతా ఆ రెండింటి మీదే పెట్టాలన్నది ఈ అధ్యాయం వాదన.

‘ఎంత చక్కెర వేస్తే అంత తీపి కదా, చవకలో మంచి సౌండ్ ఎక్కడిది’ అని అనిపించడం సహజమే. దీనికి జవాబు కొలతల్లో ఉంది. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు ముందేసుకుని ఒకే ఒక్క సంగతి తేల్చుకోవాలనుకున్నాడు. మంద్రం నుంచి తారం దాకా ఏ స్థాయి స్వరాన్ని హెడ్‌ఫోన్ ఎంత గట్టిగా పలుకుతుందో చూపే గీతను ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ అంటారు. ఆ గీతకూ దుకాణంలో చెప్పే ధరకూ ఏమైనా సంబంధం ఉందా? అమెరికా అకౌస్టికల్ సొసైటీ పత్రికలో అచ్చయిన ఆ వ్యాసం శీర్షికలోనే తీర్పు చెప్పేశాడు: సంబంధం లేదు. గీత సంగతి సరే, వినేవాళ్లకు నచ్చడం వేరు కదా అంటారేమో. హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్ బృందం చాలా ఏళ్లు తవ్వింది అదే విషయాన్ని. వినేవాళ్లకు కంపెనీ పేరు, ధర, చేతికి తగిలే బరువు ఏవీ తెలియకూడదని, ఒకే హెడ్‌ఫోన్‌లో రకరకాల హెడ్‌ఫోన్ల ధ్వనిని అనుకరించి వినిపించారు. మంచి గదిలో పెట్టిన మంచి స్పీకర్లు ఎలా పలుకుతాయో దానికి దగ్గరగా పలికినవే ఎక్కువమందికి నచ్చాయి. ఇష్టాయిష్టాలను ప్రధానంగా తేల్చింది ఆ గీతేనని వాళ్ల పరిశోధన చెప్పింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టండి. మనకు నచ్చడాన్ని నడిపించే గుణం ధర వెంట నడవడం లేదు. ఇక్కడ ఒక మెలిక మాత్రం మరచిపోకూడదు. సంబంధం లేదంటే చవకవన్నీ బాగుంటాయని కాదు. చవకలో మంచివీ నాసిరకాలూ కలిసే ఉంటాయి, ఖరీదైన వాటిలోనూ అంతే. ధర చూసి ధ్వనిని అంచనా కట్టలేమన్నంత వరకే దీని అర్థం.

ఇలా ఎందుకు జరిగిందో తెలిస్తే నమ్మకం కుదురుతుంది. ఇంట్లో స్పీకరు బేస్ పలకాలంటే గదిలోని గాలినంతా కదిలించాలి, అందుకే అంత పెద్ద డబ్బా. చెవి గొట్టంలో బుడిపె బిగుసుకున్నాక లోపల మిగిలే గాలి ఒకటి రెండు ఘన సెంటీమీటర్లకు మించదు. అంత కాస్త గాలిని నొక్కడానికి పది మిల్లీమీటర్ల పల్చటి పొర, దానికి అంటించిన రాగి తీగ చుట్ట, వెనకాల ఒక చిన్న అయస్కాంతం చాలు (ఈ కూర్పునే డ్రైవరు అంటారు). చవకలో కూడా లోతైన బేస్ దొరకడం వెనక గొప్ప మాయేమీ లేదు, గొట్టం మూసుకుపోవడమే దాని రహస్యం. అసలు చిక్కు తార స్థాయి వైపు ఉంటుంది. చెవి గొట్టం దాదాపు రెండున్నర సెంటీమీటర్ల పొడవు. తెరిచి ఉన్నప్పుడు అది పిల్లనగ్రోవిలా పనిచేసి మూడు వేల హెర్ట్జ్‌ల చుట్టుపక్కల ధ్వనిని తనంతట తానే పెంచుతుంది. పుట్టినప్పటి నుంచి మన మెదడు వింటున్నది ఆ పెంపుతో కలిసిన లోకాన్నే. గొట్టాన్ని మూసేయగానే ఆ సహజమైన పెంపు పోతుంది. దాన్ని ఇయర్‌ఫోన్ తయారుచేసేవాడు మళ్లీ చేర్చాలి. చేర్చకపోతే గాయకుడు దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. అతిగా చేర్చితే ప్రతి తాళం దెబ్బా చెవిలో సూదిలా దిగుతుంది. ఇది సరిచేయడానికి వాడే సరంజామా చూస్తే నవ్వొస్తుంది: ఒక జల్లెడ ముక్క, ఒక సూదిమొన రంధ్రం, బుడిపె తొడిగే నాళిక పొడవులో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా. ఖర్చయ్యేది సామానుకు కాదు, ఎక్కడ ఎంత పెట్టాలో తెలుసుకోవడానికి. ఆ తెలివి ఒకసారి వచ్చాక పదో ముక్కకైనా పదివేలో ముక్కకైనా విడిగా ఖర్చవదు. కొలిచే పరికరాలు చిన్న తయారీదార్లకు కూడా అందుబాటులోకి రావడంతో ధ్వని చవకబడింది.

చైనా కంపెనీ మూన్‌డ్రాప్ 2022లో తెచ్చిన ‘చూ’ అనే ఇయర్‌ఫోన్స్ ఈ మార్పుకు చక్కని ఉదాహరణ. అప్పట్లో దాని ధర దాదాపు ఇరవై డాలర్లు. ధ్వని విషయంలో అంతకు ఎన్నో రెట్లు పోసి కొన్నవాటి పక్కన నిలబెట్టి మెచ్చుకున్నారు. అయితే దానికి వైరు విడదీయడానికి వీల్లేకుండా అతికించి ఉండేది. వైరు పోతే మొత్తం పోయినట్టే. మరుసటి ఏడాది వచ్చిన రెండో రూపంలో కొట్టొచ్చినట్టు కనిపించే మార్పు ఏమిటంటే, వైరు ఊడదీసి మార్చుకునే ఏర్పాటు. ధర మాత్రం ఆ దరిదాపుల్లోనే ఉంది. తయారు చేసేవాళ్లకే అర్థమైన సంగతిని కొనే మనం ఇంకా పట్టించుకోకపోతే ఎలా?

పెట్టె మీది అంకెలు మన చూపును తప్పుదారి పట్టించడానికే పనికొస్తాయి. ‘20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా’ అని రాస్తారు. ఆ దారిలో ఎక్కడ ఎన్ని డెసిబెళ్లు పెరుగుతుందో, తగ్గుతుందో చెప్పకపోతే అది ‘ఈ బస్సు హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్తుంది’ అన్నట్టే. వెళ్తుంది సరే, ఎలా వెళ్తుంది? ‘40 వేల హెర్ట్జ్’ అని ఉంటే ఇంకా గొప్ప అనుకుంటారు. మనిషి చెవి 20 వేలు దాటి వినదు, వయసు పెరిగేకొద్దీ ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. డ్రైవరు పది మిల్లీమీటర్లా, పద్నాలుగా అన్నది కూడా అంతే. పెద్ద గరిటె ఉన్నంత మాత్రాన పులుసు రుచి పెరగదు.

బిగింపు సంగతికి వద్దాం. చాలామంది తమ ఇయర్‌ఫోన్స్ ధ్వనిని ఒక్కసారి కూడా పూర్తిగా వినకుండానే అవి బాగాలేవని తీర్పు ఇచ్చేస్తారు. సైకిలు పంపు వాషరు అరిగిపోతే ఎంత కొట్టినా ట్యూబులోకి గాలి ఎక్కదు, అంచుల వెంట జారిపోతుంది. చెవిలో బుడిపె పక్కన వెంట్రుకవాసి సందు మిగిలినా బేస్ అలాగే జారిపోతుంది. పెట్టెలో చిన్నవి, మధ్యరకం, పెద్దవి అని మూడు జతల బుడిపెలు ఇచ్చేది అందుకే. మనం మాత్రం ముందే తొడిగి ఉన్న మధ్యరకాన్ని అలాగే పెట్టేసుకుని, మిగతా రెండు జతలను కవరుతో సహా పారేస్తాం. అలా చేయకండి. మూడింటినీ ఓపిగ్గా మార్చి చూడండి. కుడి చెవి గొట్టం, ఎడమ చెవి గొట్టం ఒకే కొలత ఉండాలని ఎక్కడా లేదు, ఒకవైపు మధ్యరకం, రెండోవైపు పెద్దది పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. దూర్చేటప్పుడు ఎదుటి చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని మెల్లగా పైకీ వెనక్కీ లాగితే వంకరగా ఉన్న గొట్టం కాస్త తిన్నగా అవుతుంది. అప్పుడు కొద్దిగా మెలితిప్పుతూ పెట్టి, చెవిని వదిలేయండి. సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి యంత్రాలేవీ అక్కర్లేదు. పాట పెట్టకుండా నాలుగు మాటలు మాట్లాడి చూడండి, మీ గొంతు మీకే కుండలో తలపెట్టి మాట్లాడినట్టు గుమ్ముమని వినిపించాలి. తర్వాత పాట పెట్టి వేలితో రెండు పక్కలా కొంచెం లోపలికి నొక్కండి. నొక్కగానే బేస్ ఒక్కసారిగా పెరిగిందంటే అప్పటిదాకా అది కారిపోతోందన్నమాట, బుడిపె కొలత మార్చాలి. సిలికాన్ బుడిపె ఏదీ నిలవకపోతే, నొక్కి పెట్టుకుంటే లోపల నెమ్మదిగా విచ్చుకునే ఫోమ్ బుడిపెలు విడిగా దొరుకుతాయి. వాటికి పెట్టే ఒకటి రెండు వందలు, పై మోడల్‌కు పెట్టే వెయ్యి కన్నా ఎక్కువ మేలు చేస్తాయి. ఫోమ్ మురికి పడుతుంది, కొన్ని నెలలకు మార్చాలి, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

బిగింపు వల్ల దక్కే లాభం సంగీతంతో ఆగదు. సిటీ బస్సులో ఇంజను రొద మీద పాట వినపడాలంటే వాల్యూమ్ పెంచాలి. బుడిపె గొట్టాన్ని బాగా మూస్తే బయటి రొద తగ్గుతుంది, తక్కువ వాల్యూమ్‌తోనే పని జరుగుతుంది. పెద్దవాళ్లు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెళ్లు దాటకుండా వినడం క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ధ్వని ఎంత పెరిగితే అందుకు అనుమతించే గంటలు అంత వేగంగా కుదించుకుపోతాయి. అదే మూసుకోవడం రోడ్డు దాటేటప్పుడు ప్రమాదం, అక్కడ ఒకటి తీసి జేబులో వేసుకోవాల్సిందే.

ఇప్పుడు నిర్మాణం. ఇయర్‌ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పట్టుకుని పిన్ను దగ్గర మొదలుపెట్టండి. చెడిపోయేవాటిలో ఎక్కువ చెడేది అక్కడే. గట్టి ప్లాస్టిక్ లోంచి మెత్తటి వైరు బయటికొచ్చే చోట, ఆ వంపు మొత్తం బరువు ఒకే బిందువు మీద పడుతుంది. లోపలున్నది వెంట్రుకల్లాంటి రాగి పోగులు. వాటికి బలానికి నూలు లాంటి దారాన్ని కలిపి పేనుతారు, ఒకదానికొకటి తగలకుండా మీద వార్నిష్ పూత ఉంటుంది. ఫోను జేబులో ఉండగా కూర్చున్నప్పుడల్లా, లేచినప్పుడల్లా ఆ బిందువు దగ్గర ఒక్కో పోగు తెగుతూ పోతుంది. చివరి పోగు తెగిన రోజున ‘నిన్నటిదాకా బాగానే ఉంది’ అంటాం. అందుకే పిన్ను తర్వాత ఒక సెంటీమీటరు పొడవున మెత్తటి రబ్బరు తొడుగు ఉందా, అది వైరుతో పాటు వంగుతోందా లేక కర్రలా బిర్రుగా ఉందా చూడండి. బిర్రుగా ఉంటే అది అలంకారమే, వంపును ఒక సెంటీమీటరు అవతలికి జరపడం తప్ప చేసేదేమీ లేదు. ఫోనును జేబులో పెట్టుకునేవాళ్లకు నిటారు పిన్ను కన్నా ఎల్ ఆకారపు పిన్ను మేలు. తర్వాత వైరు రెండుగా చీలే చోటు, మైకు డబ్బీకి రెండు వైపులా, చివరగా వైరు చెవి ముక్కలోకి దూరే చోటు. ఈ ప్రతిచోటా అదే ప్రశ్న: లాగుడు పడితే భరించేది తొడుగా, లోపలి టంకమా? చెవి ముక్క రెండు సగాలు కలిసే గీత మీద గోరు నడిపి చూడండి. గోరు తట్టుకుంటే అతుకు సరిగ్గా కూర్చోలేదన్నమాట. చెమట దిగేది, విచ్చుకునేది ఆ గీత వెంటే. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో పారదర్శకమైన వైరు కొంటే కొన్నాళ్లకు లోపలి రాగి పచ్చబడడం మీరే చూడవచ్చు. చూడ్డానికి బాగోదు గానీ పలకడం ఆగదు. చర్మపు జిడ్డు తగిలి వైరు పైపొర గట్టిపడి పెళుసెక్కితేనే అసలు నష్టం.

ఊడదీసే వైరు ఉంటే ఈ తనిఖీ సగానికి సగం తగ్గుతుంది. తెగేది తెగనివ్వండి, రెండు మూడు వందలతో కొత్త వైరు వేసుకోవచ్చు, చెవి ముక్కలు మిగులుతాయి. రెండు సన్నటి పిన్నులు దూరే 0.78 మిల్లీమీటర్ల రకం ఇప్పుడు చవక మోడళ్లలోనూ మామూలైంది. అయితే ఆ రంధ్రాలు వదులైపోవడం దీనికుండే సొంత జబ్బు. మాటిమాటికీ ఊడదీసి పెట్టడం సరదా కాకూడదు.

‘ఇంత తంటా ఎందుకు, రెండు వందల యాభైది కొని పోతే పారేద్దాం’ అనేవాళ్ల మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఇయర్‌ఫోన్స్‌ను బస్సులో, ఆఫీసులో మరచిపోయే అలవాటున్నవాళ్లకు అదే సరైన లెక్క. మిగతావాళ్లకు లెక్క తిరగబడుతుంది. రెండు వందల యాభైది నాలుగు నెలలు వచ్చిందనుకుందాం, మూడేళ్లకు తొమ్మిది కొనాలి, అంటే రెండు వేల రెండు వందల యాభై. పదిహేను వందలది కొని మధ్యలో మూడు వందల వైరు ఒకసారి మార్చినా పద్దెనిమిది వందలే. పైగా ఆ మూడేళ్లూ వినేది మెరుగైన ధ్వని. ‘వైర్‌లెస్‌లో ఆ గొడవే లేదు కదా’ అన్నది ఇంకో వాదన. 2016లో ఐఫోన్ 7 నుంచి పిన్ను రంధ్రం తీసేశాక చాలా కంపెనీలు అదే దారి పట్టాయి, కాబట్టి చాలామందికి ఇది ఇష్టంతో చేసుకున్న ఎంపిక కూడా కాదు. వైరు పోయింది నిజమే, దాని స్థానంలోకి బ్యాటరీ వచ్చింది. వేలిగోరంత లిథియం బ్యాటరీ ప్రతి ఛార్జింగుకూ కొంచెం కొంచెం నీరసిస్తుంది. రెండు చెవులవీ ఒకే వేగంతో నీరసించాలని లేదు. దాన్ని మార్చే వీలు చవక మోడళ్లలో దాదాపు ఉండదు. అంటే వైర్‌లెస్‌ది కొన్నరోజే దాని ఆయుష్షు సుమారుగా రాసి ఉంటుంది. మంచి వైరుదానికి అలాంటి గడువేమీ లేదు. నడుస్తూ, వంట చేస్తూ, వ్యాయామం చేస్తూ వినేవాళ్లకు ఆ సౌకర్యం విలువ తక్కువేమీ కాదు. కాకపోతే డబ్బులో కొంత బ్లూటూత్‌కూ బ్యాటరీకీ ఛార్జింగు డబ్బీకీ పోతుంది కాబట్టి, అదే ధరలో వైరుదానికి దక్కేంత శ్రద్ధ ధ్వనికీ కట్టుదిట్టానికీ దక్కడం కష్టం.

మరి ఖరీదైనవన్నీ మోసమేనా? కాదు. కుడి ఎడమలు ఒకేలా పలకడం, మొదటి ముక్కకూ వెయ్యో ముక్కకూ తేడా లేకపోవడం, చెవి ఆకారానికి ఒదిగే పెంకు, నమ్మదగిన వారంటీ, బయటి రొదను యంత్రంతో అణచడం వంటివాటికి డబ్బు నిజంగానే ఖర్చవుతుంది. ఇక్కడ కూడా గమనించండి, ఈ జాబితాలో చాలావరకు తయారీ శ్రద్ధకు సంబంధించినవే.

ధ్వనిని అసలు పరీక్షించవద్దని కాదు, ఎలా పరీక్షించాలో తెలియాలి. రెండింటిని పోల్చేటప్పుడు ముందు వాల్యూమ్ సమానం చేయండి. కాస్త గట్టిగా పలికేదే బాగుందని మన చెవి ఎప్పుడూ పొరబడుతుంది. తర్వాత ఏ డీజే పాటో పెట్టకండి, అందులో ఏది వాద్యమో ఏది వక్రమో తేల్చలేం. మృదంగం ఉన్న కచేరీ ఏదైనా పెట్టండి. మృదంగానికి ఎడమ వైపు రవ్వ ముద్ద పూస్తారు, అక్కడి దెబ్బ లోతుగా, ఊగుతూ వస్తుంది (దీన్నే గుమ్కీ అంటారు). కుడివైపు నల్లటి కరణి ఉంటుంది, అక్కడి దెబ్బ స్పష్టంగా, కొనదేలి ఉంటుంది. మంచి ఇయర్‌ఫోన్‌లో ఎడమచేతి గుమ్కీ సాగి ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. బేస్ ఉబ్బించినదాంట్లో వరస దెబ్బలన్నీ కలిసి ఒకే ముద్ద అవుతాయి. గొంతుకు పరీక్ష తెలుగులోనే ఉంది: స, శ, ష. ఆ మూడింటి తేడా వినపడాలి, ఏదీ ఈల వేసినట్టు చెవిని కొయ్యకూడదు. వార్తలు చదివే గొంతు దీనికి పాట కన్నా మేలు. ‘నాకు బేసే ఇష్టం’ అంటే ఎవరూ కాదనలేరు, ఫోన్‌లోని ఈక్వలైజరు ఉన్నది అందుకే. శుభ్రంగా పలికేదానికి బేస్ కలుపుకోవచ్చు. ముద్దగా పలికేదాని నుంచి ఆ ముద్దతనాన్ని పూర్తిగా విడదీయడం మాత్రం ఈక్వలైజరు వల్ల కాదు. యాభై గంటలు వాడితే సౌండ్ బాగుపడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అన్ని గంటల్లో అలవాటు పడేది ప్రధానంగా మీ చెవే. ఈలోగా తిరిగిచ్చే గడువు దాటిపోతుంది.

కొన్నాళ్లు వాడాక ఒకవైపు సౌండ్ తగ్గినట్టు అనిపిస్తే పారేయబోయే ముందు రెండు నిమిషాలు ఆగండి. ఎడమ ముక్కను కుడి చెవిలో, కుడి ముక్కను ఎడమ చెవిలో పెట్టి అదే పాట వినండి. తగ్గుదల ముక్కతో పాటు చెవి మారితే లోపం ఇయర్‌ఫోన్‌ది. అది మారకుండా అదే చెవిలో ఉండిపోతే చూపించుకోవాల్సింది డాక్టరుకు, దుకాణానికి కాదు. లోపం ఇయర్‌ఫోన్‌దే అయితే, పిన్ను దగ్గర వైరును అటూ ఇటూ వంచినప్పుడు పోయిన ధ్వని తిరిగి వచ్చి పోతుంటే అక్కడ పోగులు తెగాయి, కొత్త పిన్ను టంకం పెట్టిస్తే బతుకుతుంది. అలా కాక రోజురోజుకూ మెల్లగా సన్నగిల్లి ఉంటే బుడిపె ఊడదీసి నాళిక మూతి మీది జల్లెడను వెలుతురులో చూడండి. చాలాసార్లు అక్కడ కనిపించేది పసుపురంగు గులిమి. నాళిక మూతి నేలవైపు ఉండేలా పట్టుకుని, పొడి టూత్‌బ్రష్‌తో కింది నుంచి మెల్లగా దులపండి, రాలినది లోపలికి కాక కిందికే పడాలి. నీళ్లు వద్దు, సూది అసలే వద్దు, ఆ జల్లెడ చిరిగితే ధ్వని స్వభావమే మారిపోతుంది. బుడిపెలను మాత్రం సబ్బు నీళ్లతో కడిగి, తడి పూర్తిగా ఆరాకే తొడగండి.